తప్పనిసరి ఐచ్ఛికం

ఆసుపత్రిలో ఆమెను అందరూ సర్వరమ్మ అనేవారు. ఆరంతస్తుల ఆ భవనం అడుగున, దుప్పట్లు ఉతికే గదికి పక్కన, కంప్యూటర్ల విభాగం ఉంది. ఒకప్పుడది ఉతికిన దుప్పట్లు మడతపెట్టి దాచే కొట్టు. ఇప్పుడు అందులో రెండు ఇనప ర్యాకులు, వాటి నిండా సర్వర్లు, పక్కగది ఆవిరి వేడికి రొప్పుతూ రెండు ఏసీలు. రోగి పేరు రాసుకునే చీటీ మొదలుకొని రక్తపరీక్ష ఫలితం దాకా, ఎక్స్‌రే బొమ్మ దాకా అన్నీ ఆ కొట్టులోంచే వెళ్లాలి. పదిహేడేళ్లుగా ఆ కొట్టు బాగోగులు చూస్తున్నది ఆమె. ఇంట్లో అత్తగారు మాత్రం ఇరుగుపొరుగుతో "మా కోడలు సర్వర్ల దగ్గర పనిచేస్తుంది" అనేది. "ఏ హోటల్లో?" అని వాళ్లు అడిగేవారు.

పద్నాలుగు నెలల కిందట విభాగాధిపతి రిటైరయ్యాడు. ఆయన గది తాళాలు సూపరింటెండెంటు గారి సొరుగులోకి, ఆయన పనంతా సర్వరమ్మ నెత్తి మీదికి వెళ్లాయి. కాగితాల మీద ఆమె హోదా "ఇన్‌చార్జి". అంటే తప్పు జరిగితే ఆమెది, ఒప్పు జరిగితే విభాగానిది.

ఒక సోమవారం సూపరింటెండెంటు గారు పిలిచారు. ఆయన ఒకప్పటి సర్జన్. ఏ మాటైనా మత్తివ్వకుండానే కోసి చెప్పేవారు.

"తొమ్మిది వారాల్లో తనిఖీ బృందం వస్తోందమ్మా. ఈసారి కొత్త నిబంధన పెట్టారు. విభాగాధిపతికి స్పెషలిస్టు సర్టిఫికెట్ ఉండాలట. మీకుంటే కుర్చీ మీది. లేకపోతే బయటినుంచి ఎవర్నో ఒకర్ని తేవాలి. నాకిష్టం లేదు, కానీ తప్పదు."

"ఉంటుంది సార్. మొత్తం నాలుగు పరీక్షలు. కోర్ పేపర్లు, అంటే అందరూ రాయాల్సినవి, మూడూ రెండేళ్లలో పూర్తిచేశాను. ఎలక్టివ్ ఒక్కటే మిగిలింది."

"ఎలక్టివ్ అంటే?"

"ఐచ్ఛికం సార్. వాళ్లిచ్చిన జాబితాలోంచి మనకిష్టమైంది ఒకటి రాయాలి."

"ఇష్టమైందే కదా! ఇంకేం, రాసెయ్యండి."

ఆ మాట ఆమెకు కూడా సబబుగానే తోచింది. అన్నిటికంటే తేలికైనది చివరికి మిగిలిందనుకుంది.

ఆమె మరిది చెప్పుల దుకాణం పైఅంతస్తులో ఒక శిక్షణ కేంద్రం నడుపుతున్నాడు. కంప్యూటర్ పరీక్షలకు జనాన్ని తయారుచేయడం అతని వృత్తి. వదినను కోర్ పేపర్లకు కూర్చోబెట్టింది కూడా అతనే. ఆ సాయంత్రం అతన్ని అడిగింది.

"ఎలక్టివ్‌లో ఏది రాయమంటావయ్యా? జాబితాలో ఎనిమిదున్నాయి."

మరిది తల ఎత్తకుండానే నవ్వాడు. "ఏ రాయైతేనేం వదినా పళ్లూడగొట్టుకోడానికి! నీకు బాగా వచ్చిందేదో అదే రాసెయ్. రోజూ ఆసుపత్రిలో మెయిల్ సర్వర్‌తోనేగా కుస్తీ? ఆ పేపర్ రాయి. చదవక్కర్లేదు కూడా."

ఆ సలహా బాగుంది. సర్వరమ్మ పన్నెండు రోజులు పుస్తకం తిరగేసి, మెయిల్ సర్వర్ పరీక్ష రాసింది. వెయ్యికి తొమ్మిది వందల పన్నెండు వచ్చాయి. ఆ రోజు మరిదికి తనే టీ పోసిచ్చింది.

మర్నాడు పొద్దున సర్టిఫికెట్ ఇచ్చే కంపెనీ పోర్టల్ తెరిచి చూస్తే, పై వరసలో ఆకుపచ్చ రంగులో "కోర్: మూడుకి మూడు" అని ఉంది. కింది వరసలో ఎర్రగా "ఎలక్టివ్: ఒకటికి సున్నా".

ఫలితం చేరడానికి వారం పడుతుందేమో అనుకుంది. వారం ఆగింది. సున్నా కదల్లేదు. అప్పుడు సహాయ కేంద్రానికి చాట్‌లో రాసింది. అవతలినుంచి జవాబు వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

"మీ ఓపికకు ధన్యవాదాలు. మీరు రాసిన పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. అభినందనలు."

"అది నాకు తెలుసు. ఎలక్టివ్ కింద ఎందుకు లెక్కపెట్టలేదు?"

"మీ ఓపికకు ధన్యవాదాలు. ఆ పరీక్షను ఒకటో తేదీ నుంచి ఎలక్టివ్‌ల జాబితాలోంచి తీసివేశాం. ఆ తేదీకి ముందు రాసినవారికి మాత్రమే అది చెల్లుతుంది. మీరు నాలుగో తేదీన రాశారు."

"తీసేసిన పరీక్షకు మీరు నా దగ్గర ఫీజెందుకు తీసుకున్నారు? హాల్‌టికెట్ ఎందుకిచ్చారు?"

"పరీక్షను తీసివేయలేదండి. జాబితాలోంచి మాత్రమే తీసివేశాం. పరీక్ష ఇంకా ఉంది. ఎవరైనా రాయవచ్చు."

"రాసి ఏం చేసుకోవాలి?"

ఈసారి పావుగంట తర్వాత వచ్చింది జవాబు. "జ్ఞానాన్ని పెంపొందించుకోవచ్చు. మీ ఓపికకు ధన్యవాదాలు."

"నా దగ్గర లేనిదానికి ధన్యవాదాలెందుకు?" అని టైప్ చేసి, పంపకుండా చెరిపేసింది. ఆ చెరిపెయ్యడానికి పట్టిన నిగ్రహం మూడు కోర్ పేపర్లకూ కలిపి పట్టలేదు.

మరిదిని నిలదీస్తే అతను నాలుక కరుచుకున్నాడు. "నా దగ్గరున్న జాబితా పాతదనుకుంటా వదినా."

"అనుకుంటావా! పొద్దస్తమానం నీ పని ఇదే కదయ్యా. అదీ చూసుకోకపోతే ఎలా?"

"అరే, ఉండు ఉండు. ఆరేళ్ల కిందట నువ్వు డేటాబేస్ పరీక్ష రాశావు గుర్తుందా? అది కొత్త జాబితాలో కూడా ఉంది! మళ్లీ రాయక్కర్లేదు. ఉన్నదాన్నే లెక్కలో వేసుకోమను, అయిపోతుంది."

అతను స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించాడు. నిజమే, జాబితాలో ఐదోది అదే. సర్వరమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మర్నాడు భోజన విరామంలో మళ్లీ చాట్ తెరిచింది.

"మీ ఓపికకు ధన్యవాదాలు. అవును, ఆ పరీక్ష ఎలక్టివ్‌గా చెల్లుతుంది. కానీ మీరు దాన్ని ఆరేళ్ల కిందట అసోసియేట్ అనే కింది స్థాయి సర్టిఫికెట్‌లో కోర్ పేపర్‌గా వాడుకున్నారు. ఒకే పరీక్షను రెండు చోట్ల లెక్కించం."

"ఆ అసోసియేట్ సర్టిఫికెట్ కాలం చెల్లిందని మీరే మూడేళ్ల కిందట ఉత్తరం రాశారు."

"అవునండి. సర్టిఫికెట్ కాలం చెల్లింది. వాడుక చెల్లలేదు."

సర్వరమ్మ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని విన్నది కానీ, తుప్పుపట్టి పారేసిన ఒరలో ఇంకా కత్తి ఉన్నట్టే లెక్క అని ఎన్నడూ వినలేదు.

పక్క బల్ల దగ్గర వైర్ల బాబాయ్ తీగ చివర్లు ఒలుస్తున్నాడు. ఆసుపత్రిలో ప్రతి గోడలో ఏ తీగ ఎటు పోతుందో కంఠతా తెలిసిన మనిషి. రిటైర్‌మెంటుకి రెండేళ్లుంది. ఆయనే అడిగాడు. "ఏమంటున్నారమ్మాయ్?"

"వచ్చింది చెల్లదట. చెల్లేది వాడేశానట."

"మరి మిగిలిందేంటి?"

మిగిలినవి ఏడింట్లో ఆరు. ఆ ఆరింట్లో మూడు పరీక్షలకు ఊళ్లోని కేంద్రంలో రెండు నెలల దాకా ఖాళీ లేదు. ఒకటి ఇంకా తయారవుతూనే ఉంది. "త్వరలో" అని రాసిపెట్టారు. ఇంకొకటి రాయాలంటే ముందు మరొక పరీక్ష రాసుండాలి. చివరికి చేతికందేది ఒక్కటే: బ్యాకప్, రికవరీ. అంటే ఉన్న సమాచారానికి నకలు తీసి దాచడం, అసలు పోయినప్పుడు ఆ నకలు నుంచి తిరిగి తెచ్చుకోవడం. సర్వరమ్మకు అన్నిటికంటే విసుగు పుట్టించే అంశం అదే. ఆసుపత్రిలో ఆ పని రోజూ తెల్లవారుజామున దానంతటదే జరిగిపోయేది. ఆమె ఎనిమిదింటికి వచ్చి తెర మీద ఆకుపచ్చ టిక్కు చూసుకునేది. అంతకుమించి అందులో చదవడానికేముంది? ఉంది, ఆరు వందల నలభై పేజీలుంది.

ఆ రోజు ఇంట్లో ఆమె గిన్నెలు కడుగుతూ చేస్తున్న చప్పుడుకి అత్తగారు వంటింట్లోకి వచ్చింది. చేతిలో మనవడి చొక్కా, సూది.

"గిన్నెలేం చేశాయే పాపం? అసలా ఎలక్టివ్ అంటే ఏంటి?"

"ఐచ్ఛికం అత్తయ్యా. మన ఇష్టం."

"మన ఇష్టమైతే మానెయ్యొచ్చుగా?"

"మానడానికి వీల్లేదు. తప్పనిసరిగా ఒకటి రాయాలి."

"అయితే ఇష్టమైంది రాయి."

"ఇష్టమైంది రాశాను. అది పనికిరాదన్నారు. ఇంకోటుంటే అది ఇదివరకే వాడేశానన్నారు. ఇప్పుడు మిగిలింది నాకు బొత్తిగా ఇష్టం లేనిది."

అత్తగారు దారం కొరికింది. "మీ మామగారూ అంతేనే. 'ఏ రంగు గొడుగు కావాలో నువ్వే తీసుకో' అనేవారు. తెచ్చింది ఒకటే ఉండేది."

సర్వరమ్మకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. నవ్వితే కోపం తగ్గుతుంది. ఆ పుస్తకం చదవాలంటే ఆ కోపం కావాలి.

చదివింది. భర్త దూరప్రాంతాల బస్సు డ్రైవరు, రోజు విడిచి రోజు ఇంటికి వచ్చేవాడు. అతను లేని పొద్దుల్లో ఇంటి పని తెమిలాక వంటింటి గట్టు మీద ఒక గంట, ఆసుపత్రిలో భోజన విరామంలో ముప్పావు గంట. ప్రతి అధ్యాయానికీ పుస్తకం అంచున పెన్సిల్‌తో ఒక తిట్టు రాసేది. "ఇది పిల్లలకు కూడా తెలుసు." "అయితే?" "ఎందుకు చెప్తున్నావు మళ్లీ?" నూట పదో పేజీకి వచ్చేసరికి మరిది ఆ పుస్తకం తిరగేసి, "వదినా, ఇది పుస్తకమా, నాతో నువ్వు మాట్లాడే మాటలా?" అన్నాడు.

"రెండూ ఒకటే. నీ సలహా వల్లే కదా ఇది నా చేతికొచ్చింది."

ఆరో వారంలో ఒక బుధవారం ఆమె నమూనా ప్రశ్నలు చేస్తోంది. ఒక ప్రశ్న ఇలా ఉంది: ఒక సంస్థలో బ్యాకప్ ప్రతిరోజూ విజయవంతం అని చూపిస్తోంది. ఆ నకలు పనికొస్తుందని నిర్వాహకుడు ఎలా నిర్ధారించుకోవాలి? నాలుగు జవాబుల్లో మొదటిది, రోజూ నివేదిక చూడాలి. సర్వరమ్మ ఆలోచించకుండా దాన్ని గుర్తుపెట్టింది. తప్పు. సరైన జవాబు నాలుగోది: నకలులోంచి కొన్ని ఫైళ్లను తిరిగి తెచ్చి, తెరిచి చూడాలి.

ఆమెకు ఒళ్లు మండింది. "పదిహేడేళ్లుగా నివేదికే చూస్తున్నాను. ఏం మునిగిపోయింది?"

"ఎవర్నమ్మా తిడుతున్నావు?" అన్నాడు వైర్ల బాబాయ్.

"పుస్తకాన్ని. ఉండండి, ఇప్పుడే తెరిచి చూపిస్తాను. ఈ పుస్తకం రాసినవాడికి కూడా చూపించాలి."

పుస్తకం తప్పని రుజువు చెయ్యడానికే ఆమె కంప్యూటర్ ముందుకు జరిగింది. పోయిన వారం తీసిన ఎక్స్‌రేల్లో ఒకదాన్ని ఎంచుకొని, నకలులోంచి తిరిగి తెమ్మని అడిగింది. దొరకలేదు. నంబరు తప్పు కొట్టానేమో అనుకొని ఇంకొకటి అడిగింది. అదీ లేదు. పోయిన నెలది అడిగింది. లేదు. ఆర్నెల్ల కిందటిది, లేదు. ఏడాది కిందటిది అడిగితే చప్పున తెర మీదికి వచ్చింది, ఎవరిదో మోకాలు.

సర్వరమ్మ ఆ మోకాలి వంక చాలాసేపు చూసింది. తర్వాత ఆమెకు అర్థమైంది. పదకొండు నెలల కిందట పాత డిస్కుల పెట్టె నిండిపోతే, ఎక్స్‌రే బొమ్మలన్నిటినీ తనే కొత్త పెట్టెలోకి మార్చింది. పాతదాన్ని ఖాళీ చేసింది. కానీ నకలు తీసే ప్రోగ్రాముకు కొత్త చిరునామా చెప్పలేదు. అది రోజూ తెల్లవారుజామున నమ్మకంగా పాత పెట్టెకే వెళ్లి, అక్కడున్న ఖాళీని శ్రద్ధగా నకలు తీసి, విజయవంతం అని టిక్కు పెడుతోంది.

"బాబాయ్," అంది. "పదకొండు నెలలుగా మనం ఖాళీ ఇంటికి కాపలా కాస్తున్నాం."

ఆయన లేచొచ్చి తెర వైపు చూశాడు. ఆయనకు ప్రోగ్రాములు తెలియవు కానీ, ఆమె ముఖం చదవడం వచ్చు. "కొత్త పెట్టె పోతే?"

"పదకొండు నెలల బొమ్మలు పోతాయి. ఒక్కటి కూడా మిగలదు."

"ఎవరు మార్చారు?"

"నేనే."

ఆ మధ్యాహ్నమే ఆమె చిరునామా సరిచేసి, మొత్తం బొమ్మలకు కొత్తగా నకలు మొదలుపెట్టింది. పూర్తవడానికి మూడు రోజులని చూపించింది. పదకొండు నెలలు నిశ్చింతగా గడిపిన మనిషికి ఆ మూడు రోజులు నిప్పుల మీద నడకయ్యాయి. రెండో రోజు పొద్దున కొత్త పెట్టెలో ఒక డిస్కు దీపం నారింజ రంగులోకి మారింది. పెట్టె ఒక డిస్కు పోయినా తట్టుకుంటుంది. రెండోది పోతే ఇక అంతే. వైర్ల బాబాయ్ బీరువాలో ఉన్న కొత్త డిస్కు తెచ్చి, పాతదాన్ని లాగి దీన్ని తోశాడు. ఇద్దరూ ర్యాకు ముందు రెండు కుర్చీలు వేసుకొని, ఐసీయూ బయట కూర్చున్న బంధువుల్లా కూర్చున్నారు. పక్కగదిలో ఉతికే యంత్రం దడదడలాడినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడింది.

శనివారం నకలు పూర్తయింది. తెర మీద విజయవంతం అని వచ్చింది. సర్వరమ్మ ఆ మాటను నమ్మలేదు. నలభై బొమ్మలు తిరిగి తెచ్చి, ఒక్కొక్కటీ తెరిచి చూసింది. మోచేతులు, పుర్రెలు, ఊపిరితిత్తులు, బొత్తాం మింగిన పిల్లాడి పొట్ట. అన్నీ వచ్చాయి.

ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది, ఆ వెంటనే మళ్లీ చిర్రెత్తుకొచ్చింది. ఇప్పుడు ఆ దిక్కుమాలిన ఎలక్టివ్‌ను తనివితీరా తిట్టే హక్కు కూడా పోయింది. మెయిల్ సర్వర్ పరీక్షను వాళ్లు లెక్కపెట్టుకొని ఉంటే ఆమె ఈపాటికి కొత్త కుర్చీలో కూర్చొని, ఖాళీ పెట్టె మీది ఆకుపచ్చ టిక్కు చూసుకుంటూ ఉండేది. చాట్‌లోని ఆ మనిషికి ఎప్పటికీ ఈ సంగతి తెలియకూడదని మాత్రం గట్టిగా అనుకుంది.

సోమవారం తనిఖీ ఫారాలు వచ్చాయి. ఇన్‌చార్జిగా ఆమే నింపి సంతకం చెయ్యాలి. ముప్పై ఒకటో ప్రశ్న: బ్యాకప్‌ను చివరిసారి తిరిగి తెచ్చి పరీక్షించిన తేదీ, ఫలితం.

"మొన్నటి తేదీ వేసి, సఫలం అని రాసెయ్," అన్నాడు వైర్ల బాబాయ్. "అబద్ధం కూడా కాదు."

"కాదు."

"మరి ఇంకేం?"

ఆమె తేదీ వేసింది. సఫలం అని రాసింది. కలం కాగితం మీదే ఆగింది. కాసేపటికి దాని కిందే రాసింది: "అంతకుముందు పదకొండు నెలలపాటు ఎక్స్‌రే బొమ్మలకు నకలు లేదు. డిస్కులు మార్చినప్పుడు నేను చిరునామా మార్చకపోవడం కారణం. ఇప్పుడు సరిచేశాను."

వైర్ల బాబాయ్ నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మాయ్! తేదీ అడిగారే. చరిత్ర అడగలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"తొక్కేశాను కదా బాబాయ్. కడుక్కోకపోతే నడిచిన చోటల్లా అంటుతుంది."

ఫారం తీసుకొని ఆమె స్వయంగా సూపరింటెండెంటు గారి గదికి వెళ్లింది. ఆయన కళ్లద్దాలు పైకెత్తి చదివారు. మళ్లీ చదివారు.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"వైర్ల బాబాయ్‌కి సార్."

"ఇప్పుడు నాకు కూడా అంటించారు." ఆయన కాగితం బల్ల మీద పడేశారు. "మీరు చెప్పకపోతే నాకు తెలియదు. తెలియకపోతే నేనేమీ చెయ్యక్కర్లేదు. తెలిశాక చెయ్యాలి. రూలు ప్రకారం మెమో ఇవ్వాలి. మూడు వారాల్లో తనిఖీ పెట్టుకొని, కుర్చీ ఇద్దామనుకుంటున్న మనిషికి నేను మెమో ఇవ్వాలా? ఏం మనిషమ్మా మీరు!"

"ఇవ్వండి సార్."

"ఇస్తాను లెండి! మీరు నాకు అనుమతి ఇవ్వక్కర్లేదు." ఆయన కిటికీ వైపు తిరిగి, కొంచెం నెమ్మదిగా అడిగారు. "ఏ పేషెంటు బొమ్మయినా పోయిందా?"

"ఒక్కటి కూడా పోలేదు సార్."

"సరే వెళ్లండి. ముందు ఆ పరీక్షేదో పాసవ్వండి."

ఎనిమిదో వారం మంగళవారం ఆమె పరీక్ష రాసింది. మరిది స్కూటర్ మీద తనే కేంద్రం దాకా దింపాడు. దారిలో ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. లోపల ఆమె చేతి గడియారం, హ్యాండ్‌బ్యాగు, జేబురుమాలు అన్నీ తీసి పెట్టెలో వేయించారు. పాస్ మార్కు ఏడు వందలు. ఆమెకు ఏడు వందల పద్దెనిమిది వచ్చాయి. తెలిసిన మెయిల్ సర్వర్‌లో తొమ్మిది వందలు, ప్రాణం మీదికి తెచ్చుకొని నేర్చుకున్న దాంట్లో ఏడు వందలు. దాని మీద కూడా కోపగించుకోవాలనుకుంది కానీ, ఓపిక లేకపోయింది.

పోర్టల్‌లో సున్నా మరో ఐదు రోజులు అలాగే ఉంది. ఆరో రోజు పొద్దున "ఒకటికి ఒకటి" అయింది. దాని వెంటే ఒక అభినందన ఉత్తరం: ఈ సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత పునరుద్ధరణకు అప్పటి జాబితాలోంచి మరొక ఎలక్టివ్ రాయవలెను, మీకు నచ్చిన అంశాన్ని ఎంచుకునే స్వేచ్ఛ మీదే. సర్వరమ్మ ఆ ఉత్తరాన్ని అత్తగారికి చదివి వినిపించింది.

"ఈసారైనా రెండు గొడుగులు తెమ్మను," అంది ఆవిడ.

తనిఖీకి ఇద్దరు వచ్చారు. ఒకాయన సర్టిఫికెట్లు లెక్కపెట్టాడు. ఇంకొకాయన ఫారాలు తిరగేశాడు. ముప్పై ఒకటో ప్రశ్న ఉన్న పేజీ దగ్గర ఆయన చెయ్యి ఆగుతుందని సర్వరమ్మ గోడకు ఆనుకొని నిలబడి చూస్తోంది. చెయ్యి ఆగలేదు. సంతకం ఉందా లేదా చూసుకొని, వేలు తడి చేసుకొని, పేజీ తిప్పేశాడు. అంతా పదిహేను నిమిషాల్లో ముగిసింది. రెండు రాత్రులు నిద్రలేకుండా ఆ ప్రశ్నకు ఏం చెప్పాలో వల్లించుకున్న ఆమెకు, ఆ పెద్దమనిషిని భుజం పట్టుకొని వెనక్కి తిప్పి "చదవండి" అనాలనిపించింది.

చదివినవారు ఒక్కరే. మరుసటి వారం సూపరింటెండెంటు గారి నుంచి ఆమెకు ఒక కవరు వచ్చింది. అందులో రెండు కాగితాలు. మొదటిది, ఆమెను కంప్యూటర్ల విభాగాధిపతిగా నియమిస్తూ ఉత్తర్వు. రెండోది, ఎక్స్‌రే బొమ్మల నకలు విషయంలో పదకొండు నెలల నిర్లక్ష్యానికి మెమో. వారం రోజుల్లో వివరణను విభాగాధిపతి ద్వారా సమర్పించవలెను.

వైర్ల బాబాయ్ రెండూ చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చదివాడు. "విభాగాధిపతి ద్వారా అంటే... నీ ద్వారానా?"

"నా ద్వారానే."

"అంటే నువ్వు నీకు రాసి, నువ్వు చదివి, పైకి పంపాలా?"

"అలాగే ఉంది."

"ఇంకేం మరి! బాగుందని రాసి పంపెయ్."

ఆమె ఆ మధ్యాహ్నం కొత్త గదిలో కూర్చొని వివరణ రాసింది. ఒకటిన్నర పేజీ వచ్చింది. డిస్కులు మార్చిన వారంలో ఎంత పని ఉండిందో, విభాగంలో మనుషులు ఎంత తక్కువో, ప్రోగ్రాము తప్పుడు టిక్కు ఎలా చూపించిందో అన్నీ వివరంగా రాసింది. సంతకం చేసి, తలుపు పక్కనున్న ట్రేలో పెట్టింది. టీ తాగింది. తర్వాత విభాగాధిపతి హోదాలో ట్రేలోంచి ఆ కాగితం తీసి చదవడం మొదలుపెట్టింది.

రెండో పేరా దగ్గరికి వచ్చేసరికి ఆమె నొసలు ముడిపడింది. ఇదే వివరణ ఇంకెవరైనా రాసి తెచ్చి ఉంటే తను ఏమనేది? ఎర్ర కలం తీసి, పని ఒత్తిడి గురించి రాసిన నాలుగు వాక్యాలు కొట్టేసింది. మనుషులు తక్కువన్న వాక్యం పక్కన "దీనికీ దానికీ సంబంధం ఏమిటి?" అని రాసింది. ప్రోగ్రాము మీద నెపం వేసిన చోట రెండు గీతలు గీసింది. కాగితం అడుగున "వివరణ సంతృప్తికరంగా లేదు. తిరిగి రాసి పంపవలెను" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టింది.

"బాబాయ్!" అని కేకేసింది.

వైర్ల బాబాయ్ తలుపులోంచి తొంగి చూశాడు. ఆమె చేతిలో ఎర్ర గీతలతో నిండిన కాగితం చూసి ఆయన నోరు తెరిచాడు.

"నీ వివరణ నువ్వే తిప్పి కొట్టావా అమ్మాయ్?"

"సాకులు రాసింది," అంది సర్వరమ్మ విసుగ్గా. "ఓ తెల్లకాగితం ఇవ్వండి. మళ్లీ రాయాలి."